గోబర్ గ్యాస్ మీ ఇంటికి సరిపోతుందా? ముందు వారం రోజులు పేడ తూచండి

భీమిలికి లోపలగా, గోస్తని నదికి దగ్గరలో ఉంది మా ఊరు. ఒకప్పుడు ఇక్కడ చాలా ఇళ్ల పెరళ్లలో, పేడ నుంచి వంటకు గ్యాస్ తీసే గోబర్ గ్యాస్ ప్లాంట్లు ఉండేవి. ఇప్పుడు నడుస్తున్నవి మూడే, అందులో మాది ఒకటి. మూతపడినవాటిలో కొన్ని చెత్త గుంతలయ్యాయి. ఒకదాని గుమ్మటం మీద ఏటా బీరపాదు పాకుతుంది. వాటిని కట్టించుకున్నవారు సోమరులు కారు. పశువులున్న ప్రతి ఇంటికీ ఇది లాభమేనని ఎవరో చెప్పగా నమ్మారు, అంతే. ఆ మాట తప్పు. కొన్ని ఇళ్లకు ఇది ఇరవై ఏళ్లు పొయ్యి వెలిగించి పొలాన్ని కూడా బాగుచేస్తుంది. కొన్ని ఇళ్లకు మాత్రం ఇది వద్దు, ఆ పేడకు వేరే మంచి దారి ఉంది. మీ ఇల్లు ఏ కోవలోకి వస్తుందో కట్టించక ముందే తేల్చుకోవచ్చు. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. ఒక బకెట్టు, ఒక తూకం, వారం రోజుల ఓపిక ఉంటే చాలు.

పశువుల లెక్క వేరు, పేడ లెక్క వేరు

"ఎన్ని పశువులున్నాయి?" అని అడిగి వెంటనే ప్లాంటు సైజు చెప్పేవారి మాట మీద ఆధారపడకండి. కొట్టంలో కట్టి మేపే పెద్ద గేదె రోజుకు 12 నుంచి 15 కిలోల పేడ వేస్తుంది. ఆవు సుమారు 10 కిలోలు, దూడ మూడు నాలుగు కిలోలు వేస్తాయి. పుస్తకాల్లో ఉండే ఈ లెక్క కట్టి మేపే పశువులకే వర్తిస్తుంది. మన ఊళ్లలో నాటు ఆవులు, ఎద్దులు పొద్దున్నే గట్ల మీదికో కొండ వాలుకో మేతకు వెళ్లి చీకటి పడే వేళకు వస్తాయి. పగలు వేసిన పేడ గట్ల పాలవుతుంది. మన చేతికి వచ్చేది రాత్రి పేడ మాత్రమే, సగమో అంతకన్నా తక్కువో. ఐదు ఆవులున్న ఇంట్లో రోజుకు 50 కిలోలు వస్తాయనుకుని 2 ఘనపు మీటర్ల ప్లాంటు, అంటే రోజుకు అంత గ్యాస్ ఇచ్చేది, కట్టించుకుంటే, తీరా చూస్తే వచ్చేది 22 కిలోలు. మా ఊళ్లో మూతపడిన ప్లాంట్లలో సగం కథ ఇదే.

కాబట్టి ఏడు రోజులు వరుసగా, కొట్టం ఊడ్చిన ప్రతిసారీ పేడను తూచి గోడ మీద బొగ్గుతో రాయండి. వీలైతే మేత బాగా దొరికే వానాకాలంలో ఒక వారం, ఎండుగడ్డి మీద నడిచే వేసవిలో మరో వారం తూచండి. నిర్ణయానికి తక్కువ వచ్చిన వారాన్నే ఆధారం చేసుకోండి.

ఇక లెక్క సులువు. కిలో పచ్చిపేడ నుంచి సుమారు 35 నుంచి 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. అంటే 25 కిలోలకు దాదాపు ఒక ఘనపు మీటరు, 50 కిలోలకు రెండు. ఒక మనిషి రెండు పూటల వంటకు రోజుకు పావు ఘనపు మీటరు సరిపోతుంది. ఐదుగురున్న ఇంటికి ఒకటింబావు కావాలి, చుట్టాలు వచ్చే రోజులు కూడా లెక్కలోకి తీసుకుంటే 2 ఘనపు మీటర్ల ప్లాంటు సరైనది. రోజూ నికరంగా 25 కిలోలు కూడా రాని ఇల్లు ఈ ఆలోచనను ఇక్కడే ఆపేయడం మంచిది. పేడ తక్కువైనా పెద్దది కట్టిద్దాం, తర్వాత పశువులను పెంచుదాం అనుకునేవారూ ఉన్నారు. సగం కడుపుతో నడిచే ప్లాంటులో గ్యాస్ ఒత్తిడి రాదు. పెట్టిన డబ్బు గుంతలో పడి ఉంటుంది. పశువులు పెరిగాక రెండోది కట్టించుకోవచ్చు.

పేడ ఎంతో నీళ్లు అంత కావాలి. పచ్చిపేడలో ఐదో వంతే గట్టి పదార్థం, మిగిలినదంతా నీరే. దానికి సమానంగా నీళ్లు కలిపితే లోపలి సూక్ష్మజీవులకు తగిన చిక్కదనం వస్తుంది. 50 కిలోల పేడకు 50 లీటర్లంటే నాలుగైదు బకెట్లు. వానాకాలంలో ఇది సమస్య కాదు. ఏప్రిల్, మే నెలల్లో మీ బావిలో నీరు ఎక్కడ ఉంటుందో గుర్తు చేసుకుని చెప్పండి. కొట్టం కడిగిన నీళ్లు వాడుకోవచ్చు, ఫినాయిలు కలవనంత వరకు. ఈ షరతు తేలికగా తీసుకోవద్దు. మొదటి ఏడాది మా ప్లాంటును దాదాపు ఆపేసే పరిస్థితి వచ్చింది. రెండు నెలలు బాగా వెలిగిన మంట క్రమంగా సన్నబడి ఆరిపోయింది. మేస్త్రీని తప్పుబట్టాం, పైపులు మార్చాం. చివరికి తేలిందేమిటంటే, ఈగలు వస్తున్నాయని మేమే వారానికి రెండుసార్లు కొట్టాన్ని ఫినాయిలుతో కడిగి ఆ నీళ్లను ప్లాంటులోకి వదులుతున్నాం. లోపల గ్యాస్ తయారుచేసేవి ప్రాణమున్న జీవులు. మందులు, సబ్బు నీళ్లు వాటిని చంపుతాయి. జబ్బు చేసిన పశువుకు యాంటీబయాటిక్ సూది వేయించిన రోజుల్లో దాని పేడను కూడా విడిగా వేయాలి.

పేడ, నీళ్ల తర్వాత మూడోది పని చేసే చేయి. రోజూ పేడ ఎత్తి, గడ్డి పరకలు, రాళ్లు ఏరి, నీళ్లతో కలిపి తొట్టిలో పోయడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మా ఇంట్లో ఆ పని అమ్మ చేసింది, ఇప్పుడు నా భార్యా నేనూ పంచుకుంటున్నాం. కట్టెలు ఏరుకోవడం, మసి గిన్నెలు తోమడం తప్పుతాయి కాబట్టి ఆ శ్రమకు ప్రతిఫలం ఉంది. అయితే చాలా ఇళ్లలో నిర్ణయం మగవాళ్లు తీసుకుని పనిని ఆడవాళ్ల మీద వేస్తారు. అలా కట్టించిన ప్లాంటు ఎక్కువ కాలం నడవదు, నడవాలని కోరుకోవడం న్యాయమూ కాదు. పేడ కలిపేది ఎవరో ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే మేస్త్రీని పిలవండి.

సిలిండరుతో పోలిస్తే

ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ దాదాపు 450 గ్రాముల వంటగ్యాసుకు సమానం. ఐదుగురున్న ఇల్లు రోజుకు ఒకటింబావు ఘనపు మీటరు వాడితే నెలకు 16 నుంచి 17 కిలోల వంటగ్యాసు మిగిలినట్టు. 14.2 కిలోల సిలిండరు ఒకటి నెల తిరగకముందే ఖర్చయ్యే ఇంటికి ఇది పెద్ద మేలు.

కానీ చాలా ఇళ్లలో సిలిండరుతో పాటు కట్టెల పొయ్యి కూడా ఉంటుంది. ఏడాదికి తొమ్మిది సిలిండర్లు కొనే ఇల్లు అనుకుందాం. 2024 నవంబరు 1 నుంచి మన రాష్ట్రంలో దీపం-2 పథకం కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. ఇక డబ్బు పెట్టి కొనేవి ఆరు. సిలిండరు 900 రూపాయలనుకుంటే ఏటా మిగిలేది 5,400. మీ చేతిలో ఉన్న రసీదు ధరతో ఈ లెక్కను మళ్లీ వేసుకుని, మేస్త్రీ ఇచ్చిన అంచనాలో రాయితీ పోగా మిగిలిన మొత్తాన్ని దానితో భాగించండి. పదేళ్లు దాటితే, ఒక్క గ్యాస్ కోసమే అయితే ఈ పని చేయవద్దని చెబుతాను. పాత ప్రచార పత్రాల్లో ఉన్న లాభాల లెక్క ఇప్పుడు చెల్లదు. ఊరూరికీ సిలిండరు రాని రోజుల్లో వేసిన లెక్క అది.

డబ్బులో తేలని లాభం ఒకటి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా కొట్టం పైకప్పు ఎగిరిపోయింది, రోడ్లకు అడ్డంగా చెట్లు పడ్డాయి, రోజుల తరబడి కరెంటు లేదు. సిలిండరు బండి రాలేదు, కట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి. భూమిలో ఉన్న ప్లాంటుకు ఏమీ కాలేదు. ఆ వారం మా పొయ్యి మీద మూడిళ్ల వంట జరిగింది. ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం చూస్తూ బతికే తీరంలో ఉన్నాం కాబట్టి దీనికి నేను గట్టి విలువ ఇస్తాను.

ఆ పేడకు వేరే దారులు

గోబర్ గ్యాసును సిలిండరుతో మాత్రమే పోల్చి ఊరుకుంటే సగం లెక్కే అవుతుంది. అదే పేడను ఇప్పుడు మీరు ఏం చేస్తున్నారన్నది మిగతా సగం.

పిడకలు చేస్తున్నట్లయితే ప్లాంటు వైపే మొగ్గు చూపండి. పిడకల పొయ్యిలో పుట్టే వేడిలో పదో వంతు కూడా సరిగా గిన్నెకు అందదు. గ్యాస్ పొయ్యిలో సగానికి పైగా అందుతుంది. అన్నింటికన్నా, కాల్చిన పిడకలోని నత్రజని పొగలో పోతుంది, మిగిలేది బూడిద. ప్లాంటులో వేసిన పేడ వంటకు మంటనిచ్చి, ఎరువుగా బయటికి వస్తుంది. సంక్రాంతి ముందు భోగి పిడకలు అమ్ముకుని నాలుగు డబ్బులు చూసే ఇళ్లు కూడా ఆ నెల రోజులకు కొంత పేడ పక్కన పెట్టుకుంటే సరిపోతుంది.

గత్తం కుప్ప వేస్తున్నట్లయితే ఆలోచించాలి. ఎండకూ వానకూ తెరిచి ఉంచిన కుప్ప నుంచి నత్రజని కొంత గాలిలోకి, కొంత వాన నీటితో కాలువలోకి పోతుంది. ఆ నష్టాన్ని ప్లాంటు తగ్గిస్తుంది. అయితే కుప్ప మీద పాక వేసి, గుంత తవ్వి, పొరలు పొరలుగా ఆకూ అలమూ వేసి కంపోస్టు చేసేవారికి ఎరువు విషయంలో కొత్తగా వచ్చేది తక్కువ, గ్యాస్ మాత్రమే అదనం. వానపాముల ఎరువు చేసి అమ్ముతున్న రైతుకైతే నేను ప్లాంటు చెప్పను. అమ్మకం బాగున్న చోట పేడకు ఆ దారే ఎక్కువ ధర ఇస్తుంది, నీళ్లూ తక్కువ పడతాయి.

ప్రకృతి వ్యవసాయం చేస్తున్నవారు కంగారు పడనక్కర్లేదు. ఎకరానికి ఒకసారి సరిపోయే ద్రవజీవామృతానికి (పులియబెట్టిన ద్రవ ఎరువు) 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, 200 లీటర్ల నీళ్లు కావాలి. అనకాపల్లి బెల్లం మన గుమ్మంలోనే దొరుకుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ద్రవజీవామృతానికి పచ్చిపేడే వాడాలి, ప్లాంటులో మగ్గి బయటికి వచ్చే పల్చటి పేడ, అంటే స్లర్రీ, దానికి ప్రత్యామ్నాయం కాదు. దాని గట్టి రూపమైన ఘనజీవామృతం చేసే వారం క్వింటాలు పేడ ఒక్కసారే పోతుంది. రోజుకు 60 కిలోలు వచ్చే ఇల్లు 2 ఘనపు మీటర్ల ప్లాంటు పెట్టుకుంటే రెండూ సాగుతాయి. కచ్చితంగా 50 కిలోలే వచ్చే ఇల్లు ఏదో ఒకటి ఎంచుకోవాలి.

స్లర్రీ ఎక్కడికి పోతుంది?

నా దృష్టిలో మొత్తం నిర్ణయం ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీళ్లు లోపలికి పోస్తే అటువైపు నుంచి దాదాపు 100 లీటర్ల స్లర్రీ బయటికి వస్తుంది. ఈ రోజు, రేపు, ఎల్లుండి, వాన పడుతున్న రోజు, పెళ్లికి వెళ్లిన రోజు కూడా. దానికి చోటు ఉందా?

పెందుర్తి దగ్గర పన్నెండు గేదెలతో పాలవ్యాపారం చేసే మా పిన్ని కొడుకు ఒకసారి ఫోను చేశాడు. "అన్నయ్యా, రోజూ క్వింటాలుకు పైగా పేడ, కట్టించమంటావా?" అన్నాడు. "స్లర్రీ ఎక్కడ పోస్తావు తమ్ముడూ?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. కొట్టం వెనక కాలనీ, ముందు రోడ్డు, సెంటు పొలం లేదు. గట్టి పేడను ట్రాక్టరులో వేసి అమ్ముకోవచ్చు, కొనేవారు వచ్చి తీసుకుపోతారు. పల్చటి స్లర్రీని ఎవరు మోసుకుపోతారు? అది మురుగు కాలువలోకి పోతే ఇరుగుపొరుగుతో తగవు, నీటికి కాలుష్యం. పేడ పుష్కలంగా ఉన్నా అతనికి వద్దని చెప్పాను. పేడను కూరగాయల, పూల రైతులకు అమ్ముకోవడం అతని స్థితికి సరైన దారి. నగరం పెరిగి కొట్టాలను చుట్టుముట్టిన ప్రతి చోటా ఇదే పరిస్థితి.

దీనికి ఎదురు ఉదాహరణ ఆనందపురం వైపు పూల తోటలు. ఇంటి పక్కనే అరెకరం చామంతి, బంతి, మల్లె ఉన్న రైతుకు ఆ 100 లీటర్లు వరం. ప్లాంటును పొలం కన్నా కాస్త ఎత్తులో కట్టి, స్లర్రీ గుంత నుంచి చిన్న కాలువ తీసి బోరు నీటితో కలిపి వదిలితే మోత అనేదే ఉండదు. స్లర్రీలోని నత్రజనిలో కొంత భాగం అమ్మోనియా రూపంలో ఉంటుంది, మొక్క వెంటనే తీసుకోగలదు. అదే కారణం వల్ల ఎండలో ఆరబెడితే అది గాలిలోకి పోతుంది. చాలామంది స్లర్రీని కళ్లంలో ఆరబోసి, ఎండిన పొడిని పొలానికి తోలి, బలం లేదని అంటారు. పచ్చిగానే పారించండి. అది కుదరని రోజుల్లో రెండు గుంతలు తవ్వి ఎండుటాకులు, చెరకు ఆకు, కొబ్బరి పీచు పొరల మీద పోసి నీడలో కంపోస్టు చేయండి. చోడవరం వైపు చెరకు రైతులు పొలంలో తగలబెట్టే చెత్తకు ఇంతకన్నా మంచి గతి లేదు. ప్లాంటులో మగ్గి వచ్చిన స్లర్రీకి ఈగలు, వాసన తక్కువ. కలుపు విత్తనాలు కూడా చాలావరకు మొలకెత్తే శక్తి కోల్పోతాయి.

స్లర్రీకి వెల కట్టేటప్పుడు చాలామంది యూరియాతో పోలుస్తారు. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 270 రూపాయల లోపే దొరుకుతోంది, దాని వెనక ప్రభుత్వం భరించే రాయితీ చాలా పెద్దది. ఆ ధరతో తూచితే స్లర్రీ తేలిపోతుంది. పోల్చాల్సింది ట్రాక్టరు లోడు పశువుల ఎరువు ధరతో. మీ పొలానికి ఏటా ఎరువు కొంటున్నారా? అయితే ఆ ఖర్చు ఎంత తగ్గుతుందో చూడండి. మన ఎర్ర నేలలకు, భీమిలి తీరం ఇసుక నేలలకు అన్నింటికన్నా కరువైంది సేంద్రియ పదార్థం. దాన్ని ఏ బస్తా కూడా ఇవ్వదు. గ్యాస్ లెక్కలో ఓడిపోయిన ప్లాంటు చాలాసార్లు ఈ లెక్కలో గెలుస్తుంది.

డ్రమ్మా, గుమ్మటమా, బెలూనా?

ఇంతవరకూ మీ జవాబు అవును అయితే నమూనా ఎంచుకోవాలి. మన తీరానికి ఇందులో ప్రత్యేకమైన తేడాలున్నాయి.

ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ దేశమంతా ప్రచారం చేసిన పాత నమూనాలో ఇటుక బావి మీద ఇనుప డ్రమ్ము బోర్లించి ఉంటుంది. గ్యాస్ నిండితే డ్రమ్ము పైకి లేస్తుంది, వాడితే దిగుతుంది. ఎంత గ్యాస్ ఉందో కంటికి కనిపిస్తుంది, మంట చివరిదాకా ఒకేలా ఉంటుంది. వాడుకకు ఇంత హాయైన నమూనా మరొకటి లేదు. కానీ సముద్రానికి పది పదిహేను కిలోమీటర్ల లోపు ఉండేవారికి ఇనుప డ్రమ్ము వద్దు. ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవని చోట నిత్యం తడిలో ఉండే డ్రమ్ము ఎన్నాళ్లుంటుంది? ఏటా గీకి రంగు వేయాలి, ఒక్క ఏడాది తప్పినా అంచు దగ్గర చిల్లు పడుతుంది. తప్పదనుకుంటే ఫైబర్ గ్లాసు డ్రమ్ము చూడండి, ధర ఎక్కువే.

దీనబంధు నమూనాను 1984లో ఆఫ్‌ప్రో అనే స్వచ్ఛంద సంస్థ రూపొందించింది. మొత్తం ఇటుక, సిమెంటు కట్టడమే. భూమిలో గుమ్మటంలా ఉంటుంది. కదిలే భాగం లేదు, తుప్పు పట్టేదేమీ లేదు, పైన మట్టి కప్పి నడవొచ్చు కూడా. గ్యాస్ నిండినకొద్దీ స్లర్రీని బయటి తొట్టిలోకి నెడుతుంది కాబట్టి మంట మొదట జోరుగా ఉండి తర్వాత తగ్గుతుంది. దానికి అలవాటు పడాలి. దీని బలహీనత అంతా కట్టే చేతిలో ఉంది. గుమ్మటంలో వెంట్రుక మందం పగులున్నా గ్యాస్ నిలవదు. మామూలు ఇల్లు కట్టే మేస్త్రీకి ఇది ఇవ్వకండి. ఇదివరకు కట్టినవాటిలో కనీసం రెండు ఐదేళ్లకు పైగా నడుస్తున్నవి చూపించమనండి. వెళ్లి పొయ్యి వెలిగించి చూడండి.

గోస్తని ఒడ్డున, పల్లపు నేలల్లో ఇంకో చిక్కు ఉంది. వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అక్కడ గుంత తవ్వడమే కష్టం, ఖాళీగా ఉన్న గుమ్మటాన్ని ఊటనీరు కిందినుంచి పైకి నెట్టే ప్రమాదమూ ఉంది. అలాంటి చోట వేసవిలోనే కట్టించి వెంటనే నింపాలి, లేదా నేల మీద పెట్టే నమూనా చూసుకోవాలి.

నేల మీద పెట్టేవాటిలో బెలూన్ సంచులు ఒకటి. ఒక రోజులో అమర్చవచ్చు, తవ్వకం తక్కువ. కానీ మేక కొమ్ము, ఎలుక పన్ను, మండుటెండ, తుపాను గాలి, అన్నీ దానికి శత్రువులే. చుట్టూ కంచె, పైన నీడ లేకుండా పెట్టవద్దు. కౌలు భూమిలో ఉండి రేపు చోటు మారవచ్చనుకునే రైతుకు ఇది సరిపోతుంది. సొంత ఇల్లు, సొంత పెరడు ఉన్నవారికి నేను దీనబంధునే చెబుతాను.

ఏది కట్టినా వంటింటికి 20 మీటర్ల లోపు ఉండాలి, పైపు పెరిగినకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. తాగునీటి బావికి కనీసం 15 మీటర్ల దూరం, పగలంతా ఎండ తగిలే చోటు చూడాలి. పైపులో చేరే నీటిని వారానికోసారి వదిలేందుకు పల్లంలో ఒక కుళాయి తప్పనిసరి. మంట ఎగిరెగిరి పడుతోందంటే చాలాసార్లు కారణం ఆ నీరే. సిలిండరు స్టవ్వును దీనికి అలాగే వాడలేరు, గోబర్ గ్యాసుకు వేరే బర్నరు కావాలి.

మన్యంలో, కోళ్లఫారంలో, పెద్ద డైరీలో

విశాఖ తీరంలో చలి దాదాపు లేదు కాబట్టి ఏడాది పొడుగునా గ్యాస్ వస్తుంది. లోపలి జీవులకు 35 డిగ్రీల వేడి ఇష్టం. 20 డిగ్రీలు దాటి కిందికి వెళితే పని మందగిస్తుంది, 10 డిగ్రీల దగ్గర దాదాపు ఆగిపోతుంది. పాత విశాఖ జిల్లాలో భాగంగా ఉండి 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన అరకు, పాడేరు, లంబసింగి ప్రాంతాల వారికి ఇది ముఖ్యం. లంబసింగిలో డిసెంబరు రాత్రుళ్లు గడ్డకట్టే చలి దాకా వెళతాయి. అక్కడ బెలూన్ వద్దు. భూమిలోని గుమ్మటం మీద గడ్డి కప్పి, గోరువెచ్చని నీళ్లతో పేడ కలిపితే చలికాలం ఎలాగో గడుస్తుంది, గ్యాస్ మాత్రం తగ్గుతుంది. పైగా ఆ కొండల్లో పశువులు పగలంతా అడవిలోనే ఉంటాయి. కాఫీ, మిరియాల తోటలకు కంపోస్టు చేసుకోవడమే చాలామందికి అక్కడ మేలు.

కోళ్ల ఎరువు కిలోకు పేడకన్నా ఎక్కువ గ్యాస్ ఇస్తుంది. కానీ అందులో నత్రజని మరీ ఎక్కువ, అమ్మోనియా పేరుకుని లోపలి జీవులను దెబ్బతీస్తుంది. పేడతో కలిపి, ఎక్కువ నీళ్లతో వేయాలి. నేల మీద ఊక పరిచి పెంచే ఫారాల్లో ఊక కుళ్లదు, పైకి తేలి గట్టి పొరలా కడుతుంది. ఆ ఎరువును నేరుగా రైతులకు అమ్ముకోండి. గొర్రెలు, మేకలు ఉన్నవారు పొలంలో మంద కట్టడాన్ని మించిన పద్ధతి లేదు.

యాభై, అరవై పశువులున్న డైరీలు గ్యాస్‌తో కరెంటు తీద్దామనుకుంటాయి. ఒక ఘనపు మీటరు గ్యాస్ నుంచి చిన్న ఇంజనులో ఒకటిన్నర యూనిట్ల దాకా వస్తుంది. 25 ఘనపు మీటర్ల ప్లాంటు, అంటే రోజుకు 625 కిలోల పేడ, ఇచ్చేది దాదాపు 37 యూనిట్లు. గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడు ఇంజనును తినేస్తుంది కాబట్టి ముందుగా ఇనుప రజను గుండా పంపి శుభ్రం చేయాలి, నూనె తరచూ మార్చాలి. ఇంజను మీద కన్నేసి ఉంచే మనిషి ఉంటేనే ఇది సాగుతుంది. పాలు కాచడానికి, దాణా ఉడికించడానికి గ్యాసును నేరుగా మంటగా వాడితే అదే పేడ ఎక్కువ పని చేస్తుంది. కావలసింది ఇంటి కరెంటే అయితే 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సోలార్ పలకలకు 78,000 రూపాయల రాయితీ ఉంది. దానికి పేడ కలపాల్సిన పని లేదు.

చిన్న ప్లాంట్లకు కేంద్ర ప్రభుత్వ జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం సైజును బట్టి 9,800 నుంచి 70,400 రూపాయల దాకా సాయం ప్రకటించింది. ఆ కార్యక్రమం మొదటి దశ 2025-26తో ముగిసేది కాబట్టి ఇప్పటి నిబంధనలను రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్) కార్యాలయంలో అడిగి, మంజూరు కాగితం చేతికి వచ్చాకే తవ్వకం మొదలుపెట్టండి. రాయితీ వస్తుందన్న నమ్మకంతో ముందే కట్టి, తర్వాత తిరిగి తిరిగి అలసిపోయినవారిని చూశాను. రాయితీ లేకపోయినా కట్టించుకుంటానని మనసులో తేలినవారికే అది నిజంగా ఉపయోగపడుతుంది.

మొదలుపెట్టే రోజు

ఫిబ్రవరి చివర కట్టడం పూర్తయి మార్చిలో నింపేలా చూసుకోండి, ఎండలు సాయం చేస్తాయి. 2 ఘనపు మీటర్ల ప్లాంటును మొదటిసారి నింపడానికి దాదాపు రెండు టన్నుల పేడ కావాలి. రోజుకు 50 కిలోల చొప్పున నలభై రోజుల ముందునుంచే పోగు చేయాలి, ఎండిపోకుండా తడి గోనెలు కప్పాలి. నడుస్తున్న ప్లాంటు నుంచి నాలుగు బకెట్ల స్లర్రీ తెచ్చి కలిపితే, పాలలో తోడు వేసినట్టు, పని త్వరగా మొదలవుతుంది.

మొదట వచ్చే గ్యాసులో మండని బొగ్గుపులుసు వాయువే ఎక్కువ. లోపల గాలి కూడా చిక్కుకుని ఉంటుంది, గాలీ గ్యాసూ కలిసిన మిశ్రమం పేలుతుంది. మొదటి నిండును, రెండో నిండును బయటికి వదిలేయండి. ఆ సమయంలో దరిదాపుల్లో బీడీ కూడా వెలగకూడదు. తర్వాత ఎప్పుడు ఏ మరమ్మతు వచ్చినా, ఖాళీ చేసిన గుంతలోకి ఎవరూ దిగకూడదు. లోపలి వాయువుకు మనిషి క్షణాల్లో స్పృహ కోల్పోతాడు, కాపాడబోయిన రెండో మనిషి కూడా బయటికి రాడు. గుంతను తెరిచి రోజుల తరబడి గాలి ఆడనిచ్చి, తెలిసినవారిని పిలిపించి, పైన తాడు పట్టుకునే మనుషులుంటేనే దిగనివ్వాలి.

మూడో నిండుకు వంటింట్లో పొయ్యి వెలిగించి చూడండి. మంట నీలంగా, నిలకడగా నిలిస్తే, మర్నాటి నుంచి రోజుకు 50 కిలోల పేడ పోయడం మొదలుపెట్టవచ్చు.